పక్క చేలో కొత్త బోరు, మన బోరులో గాలి: చట్టం ఏమంటుంది, ఊరు ఏం చేయొచ్చు?

విభాగం: సాగునీరు › భూగర్భ జలాలు

#1 గరపనేల
అనంతపురం వైపు రాతి నేల, పైన ఎర్ర గరప. ఇలాంటి ఊళ్లలో ఎప్పుడూ ఒకటే తగువు: పాత బోరుకు వంద గజాల్లో పక్కవాళ్లు ఇంకా లోతుగా ఇంకోటి వేస్తారు, పాతది గాలి కొడుతుంది. తెలిసినవాళ్లు మూడు సంగతులు తేల్చండి.
ఒకటి, ఎన్నో ఏళ్లుగా తోడుకుంటున్న నీళ్లమీద పాత బోరువాడికి హక్కు ఉంటుందా? రెండు, వాల్టాలో (నీరు, భూమి, చెట్ల చట్టంలో) 250 మీటర్ల దూరం అంటారే, అది దీనికి పనికొస్తుందా? మూడు, ఇక కొత్త బోర్లు వద్దని ఊరంతా కూర్చుని రాసుకుంటే అది నిలబడుతుందా? బోరు లేనివాళ్లు ఎందుకు ఒప్పుకోవాలి?

#2 దస్తావేజు
మొదటిదానికి జవాబు చేదుగానే ఉంటుంది. మన దగ్గర భూగర్భజలానికి పునాది ఇప్పటికీ 1882 నాటి ఈజ్‌మెంట్ల (అంటే పక్కవారి భూమి మీద ఉండే వాడుక హక్కుల) చట్టమే. భూమి కింద నిర్ణీత పాయగా పారని నీళ్లను తన హద్దుల్లో తోడుకునే హక్కు ఆ భూమి యజమానిదని ఏడో సెక్షన్ ఉదాహరణల్లో ఉంది. అంటే మీకెంత హక్కో పక్కవాళ్లకూ అంతే.
"ముప్పై ఏళ్లుగా వాడుతున్నాం" అనే వాదనకూ దారి లేదు. దారి, కాలువ లాంటివాటికి ఇరవై ఏళ్ల నిరాటంక అనుభవంతో హక్కు పుడుతుంది. భూగర్భజలానికి మాత్రం అలా పుట్టదని పదిహేడో సెక్షన్ విడిగా చెప్పింది. ముందు వేసినవాడికి ముందు హక్కు అన్నది ఊరి న్యాయమే గానీ కోర్టు న్యాయం కాదు.
250 మీటర్లు తాగునీటికి సంబంధించిన మాట. ప్రజల తాగునీటి బోరుకో బావికో ఆ దూరంలోపల అనుమతి లేకుండా సాగు బోరు వేయకూడదు. రెండు సాగు బోర్ల మధ్య ఎడం వేరే సంగతి, అది అనుమతి ఇచ్చేటప్పుడు భూగర్భ జల శాఖవాళ్లు చూడాల్సింది.
వాల్టా 2002లో వచ్చింది, విడిపోయాక తెలంగాణలోనూ కొనసాగుతోంది. మండల స్థాయిలో ప్రాధికార సంస్థకు తహసీల్దారే అధ్యక్షుడు. ఊరు 'అతివినియోగం' కింద నోటిఫై అయి ఉంటే కొత్త సాగు బోరుకు అసలు అనుమతే రాదు. కాబట్టి అర్జీ రాసేముందు మీ ఊరు ఆ జాబితాలో ఉందో లేదో కనుక్కోండి. జాబితా మారుతుంటుంది, పాత కాగితం పట్టుకుని వెళ్లొద్దు.

#3 పాలమూరు బోరు
సార్ చెప్పింది కాగితం మీద కరెక్టే. కానీ రిగ్గు బండి రాత్రి పదింటికి వస్తది, తెల్లారేసరికి 600 అడుగులు దించి పోతది. పొద్దున ఫిర్యాదు ఇచ్చేసరికి అక్కడ కేసింగు పైపు, బురద తప్ప ఏం ఉండదు. రిగ్గులకు కూడా రిజిస్ట్రేషన్ ఉండాలని చట్టంలనే ఉన్నది. ఊరోళ్లు బండి నంబరు రాసుకుని, ఫోటో తీసి ఇస్తే తప్ప ఎవరూ కదలరు.
ఇంకో ముచ్చట. బోర్లు ఎండుడుకు కొత్త బోరు ఒక్కటే కారణం కాదు, ఆటో స్టార్టర్లు కూడ. తెలంగాణల 2018 జనవరి 1 నుంచి 24 గంటల కరెంటు వచ్చినంక ఆటో స్టార్టర్లు తీసేయమని సర్కారే చెప్పింది. కరెంటు రాంగనే ఊళ్లె మోటార్లన్నీ ఒక్కసారి లేస్తే ఊట తేరుకునే టైమే దొరకదు.

#4 జలమట్టం
పాలమూరు అన్న చెప్పిన స్టార్టర్ల సంగతికి భూమి లోపల కారణం ఉంది. మోటారు తోడుతుంటే బోరు చుట్టూ నీటిమట్టం గరాటులా కుంగుతుంది. పక్కపక్క బోర్లు ఒకేసారి నడిస్తే రెండు గరాటులూ కలిసి, రెంటి మధ్య మట్టం విడివిడిగా పడేదానికంటే ఎక్కువ పడుతుంది. ఆంధ్రలో తొమ్మిది గంటల పగటి కరెంటులో అందరూ ఒకేసారి నడపడమూ అదే పని.
రాతి నేలలో ఇంకో చిక్కు. నీళ్లు ఉండేది పైన మురిగిన (అరిగి గుల్లబారిన) రాతి పొరలో, కింద చీలికల్లో. చీలికలు ఎటు పోతాయో పైనుంచి కనిపించదు. అందుకే 300 మీటర్ల అవతల బోరు మనదాన్ని ఎండగట్టొచ్చు, 50 మీటర్లలో ఉన్నదానికి ఏ సంబంధమూ లేకపోవచ్చు. లోతు బోరు వేసినప్పుడు పై చీలికలోని ఊట ఆ బోరు గుండానే కింది చీలికలోకి జారిపోవడం కూడా జరుగుతుంది. అప్పుడు కొత్త బోరు మోటారు వేయకపోయినా పాతది తగ్గుతుంది.
తగువు పెట్టుకునేముందు పరీక్ష చేయండి:
రెండు మోటార్లూ కనీసం 12 గంటలు ఆపాలి. చుట్టుపక్కల మిగతావి కూడా ఆగితే మరీ మంచిది. రెండింట్లో మట్టం కొలిచి రాసుకోవాలి. ఒకదాన్ని నడుపుతూ రెండోదాంట్లో 5, 10, 20, 30 నిమిషాలకు, తర్వాత గంటగంటకు మట్టం కొలవాలి. తర్వాత మోటారు ఆపి, మట్టం తిరిగి లేవడాన్నీ అలాగే రాయాలి. ఆన్ చేయగానే పడి, ఆపగానే లేస్తే రెండింటిదీ ఒకే చీలిక. గంటలు గడిచినా కదలకపోతే ఎండడానికి కారణం పక్కవాడు కాదు, వేరే చోట వెతకాలి.

#5 గరపనేల
కొలవడం దేంతో సార్? మోటారు దించిన బోరులో తాడు వేస్తే కేబుల్‌కు చుట్టుకుంటోంది.

#6 మోటారు మేస్త్రి
అది కొత్తగా మోటారు దించేటప్పుడే చూసుకోవాలి తమ్ముడూ. కాలమ్ పైపు పక్కన ముప్పావు ఇంచి పీవీసీ పైపు ఒకటి మోటారుకు కాస్త పైదాకా దించి, అడుగున నాలుగు రంధ్రాలు పెట్టి, పైన మూత వేసి వదిలేయాలి. కొలిచే తీగ ఆ పైపులో వేస్తే దేనికీ చుట్టుకోదు. తీగ అంటే రెండు కోర్ల సన్న వైరు, చివర ఇన్సులేషన్ తీసి రెండు కొసలూ ఒకదానికొకటి తగలకుండా ఒక బరువు, పైన బ్యాటరీ, బజర్. కొసలు నీళ్లను తాకగానే బజర్ మోగుతుంది. మీటరు మీటరుకు రంగు టేపు చుట్టుకోండి.
నీళ్లు ఎన్నొస్తున్నాయో కూడా "రెండించులు" అని చెప్పకండి, దాంతో లెక్క కుదరదు. 200 లీటర్ల డ్రమ్ము నిండడానికి పట్టే సెకన్లు చూడండి. 100 సెకన్లయితే సెకనుకు 2 లీటర్లు, గంటకు 7,200. మోటారు వేసిన వెంటనే చూడొద్దు, రెండు గంటలు నడిచాక చూడాలి.

#7 జలమట్టం
గరపనేల గారి మూడో ప్రశ్నకు వస్తాను. కొత్త బోర్లు ఆపినంత మాత్రాన ఊరు బాగుపడదు, ఉన్న బోర్ల కింద వరి పెడితే అంతే సంగతి. ముందు ఊరి నీళ్ల పద్దు రాయాలి. 2000 దశకంలో ఎఫ్‌ఏవో (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) తోడ్పాటుతో, రైతులే భూగర్భజలాన్ని చూసుకునే ఏపీఫామ్స్ ప్రాజెక్టులో అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల రైతులు చేసింది ఇదే. వాన, మట్టం తామే కొలిచి, రబీకి ముందు కూర్చుని పంటలు తేల్చుకునేవారు.
ఊరు వెయ్యి హెక్టార్లు, వాన 550 మి.మీ. అనుకుందాం. బంకమట్టి తక్కువగా ఉన్న మురిగిన గ్రానైటు నేలలో వానలో 11 శాతం భూమిలోకి ఇంకుతుందని అంచనా. అంటే 60.5 మి.మీ. ఊరంతటికీ 6.05 లక్షల ఘనపు మీటర్లు. సహజంగా వాగుల్లోకి పోయేది 10 శాతం తీసేయండి, 5.45 లక్షలు. రెండు వేల మందికి రోజుకు 55 లీటర్ల చొప్పున ఏడాదికి 40 వేలు, వెయ్యి పశువులకు 40 లీటర్ల చొప్పున 15 వేలు. మిగిలింది సుమారు 4.9 లక్షలు. ఖరీఫ్‌లో లక్షన్నర తోడేశారనుకుంటే రబీకి 3.4 లక్షలు.
ఒక ఎకరా మీద ఒక మి.మీ. నీళ్లంటే 4,047 లీటర్లు. వరికి 1,200 మి.మీ. వేసుకుంటే ఎకరాకు 4,856 ఘనపు మీటర్లు, 70 ఎకరాలకు పద్దు అయిపోతుంది. వేరుశనగకు 600 మి.మీ. అయితే 140 ఎకరాలు. రాగికి 350 మి.మీ. అయితే 240.

#8 కాలువ చివర
ఒక లోటు ఉంది సార్. వరి మడిలో పెట్టిన నీళ్లన్నీ పోవు, కొంత మళ్లీ కిందికే దిగుతాయి. భూగర్భజల అంచనా పద్ధతిలోనే వరికి 35 నుంచి 45 శాతం తిరుగు నీరు లెక్క కడతారు. అది తీయకుండా వరిని దోషిని చేయడం న్యాయమా?

#9 జలమట్టం
సరిగ్గా పట్టుకున్నారు, నేను తోడిన నీళ్ల లెక్కే చెప్పాను. మట్టం 10 నుంచి 25 మీటర్ల మధ్య ఉన్నచోట వరికి 35 శాతం, ఇతర పంటలకు 15 శాతం తిరుగు నీరు. అవి తీసేస్తే వరికి నికరంగా ఎకరాకు 3,156, వేరుశనగకు 2,064. అప్పుడు వరి 108 ఎకరాలు, వేరుశనగ 165 ఎకరాలు. తేడా తగ్గింది గానీ వరుస మారలేదు. పైగా తిరిగి దిగిన నీళ్లను మళ్లీ తోడాలంటే మళ్లీ కరెంటు.
మీ ప్రశ్న అసలు తగలాల్సింది డ్రిప్పుకు. వేరుశనగకు డ్రిప్పుతో 400 మి.మీ. చాలిందనుకోండి, ఎకరాకు 1,619 ఘనపు మీటర్లు. 2,428 నుంచి 1,619కి దిగింది, మూడో వంతు ఆదా అంటారు. కానీ డ్రిప్పులో తిరుగు నీరు దాదాపు ఉండదు. నికరం చూస్తే 2,064 నుంచి 1,619, అంటే ఐదో వంతుకు కాస్త పైన. మిగిలిన నీళ్లున్నాయి కదా అని ఎకరాను ఎకరన్నర చేస్తే 2,428 అవుతుంది, మునుపటికంటే ఎక్కువ. డ్రిప్పు పైపులు ఊరంతా పరిచినా మట్టం లేవని చోట్ల జరిగేది ఇదే. డ్రిప్పుకు రాయితీ ఇచ్చేవాళ్లు విస్తీర్ణానికి హద్దు పెట్టకపోవడం నా దృష్టిలో పెద్ద తప్పు.

#10 పాలమూరు బోరు
మరి వాన పద్ధతే మారిపాయె కదా సార్. ఏడాది మొత్తం చూస్తే అంతే పడుతున్నది, కానీ నాలుగు రోజులల్ల కుమ్మరించి పోతున్నది. 11 శాతం ఇంకుతదని ఎట్ల నమ్మాలె?

#11 జలమట్టం
నమ్మకండి, అది సగటు. గంటలో 50 మి.మీ. కురిస్తే నేల అంత వేగంగా పీల్చలేదు, వాగు పాలవుతుంది. 2.5 మి.మీ., ఆపైన పడితేనే వాతావరణ శాఖ దాన్ని వర్షపు రోజుగా లెక్కిస్తుంది. 550 మి.మీ. నలభై రోజుల్లో పడిన ఏడాదికీ ఇరవై రోజుల్లో పడిన ఏడాదికీ పద్దు ఒకటి కాదు. 2021 నవంబరులో లాగా రాయలసీమలో ఒక్క వారంలో వరదలొస్తే చెరువులు నిండుతాయి గానీ చెరువు లేని చేను కిందికి అంతగా దిగదు.
అందుకే శాతాన్ని మట్టంతో సరిచూసుకోవాలి. మే ఆఖర్లో ఒకసారి, నవంబరులో ఒకసారి అవే పదిహేను ఇరవై బోర్లలో కొలవండి. బంకమట్టి తక్కువగా ఉన్న మురిగిన రాతిలో ఒక మీటరు మట్టం పెరిగితే నిజంగా చేరేది 30 మి.మీ. నీళ్లు. వెయ్యి హెక్టార్లకు 3 లక్షల ఘనపు మీటర్లు. రెండు మీటర్లు లేస్తే 6 లక్షలు, పైన కట్టిన లెక్కకు దగ్గర. 1.25 మీటర్లే లేస్తే 3.75 లక్షలు, వాన ఎంత పడినా సరే. ఆ మధ్యలో తోడింది దానికి కలపండి.
ఒక్క జాగ్రత్త. మట్టం కింది చీలికల్లో ఉన్నప్పుడు కొద్ది నీళ్లకే బోరులో పది మీటర్లు లేచినట్టు కనిపిస్తుంది, చీలికలో నిల్వ అంత తక్కువ మరి. ఆ పది మీటర్లను చూసి వరినాట్లు వేస్తే జనవరికి గాలే. పైన మురిగిన పొరలోకి మట్టం ఎక్కిందా లేదా అన్నదే చూడాలి.

#12 గరపనేల
లెక్క అర్థమైంది. అసలు ముడి బోరు లేనివాళ్లది. "నీకు బోరుంది, నన్ను వేసుకోవద్దంటావా" అంటారు. తప్పు పట్టలేం కూడా.

#13 పైపులైను
అందుకే ఉమ్మడి బోర్లు. అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వాసన్ లాంటి స్వచ్ఛంద సంస్థలు చేయించిన పద్ధతి ఇది: బోర్లున్న రైతులు, లేని రైతులు కలిసి ఒకే పైపులైను వేసుకుంటారు, బోరు లేనివాళ్ల ఖరీఫ్ పంటకు బెట్ట వస్తే తడి ఇస్తారు, బదులుగా అందరూ కొన్నేళ్లపాటు కొత్త బోరు వేయమని రాసిస్తారు. లేనివాళ్లకు దక్కేది రెండో పంట కాదు, మొదటి పంట ఎండకుండా ఉండే భరోసా. ఆ మాట మొదటే తేల్చి చెప్పకపోతే తర్వాత గొడవ.
వేరుశనగకు పూత, ఊడలు దిగే దశ, కాయ ఊరే దశల్లో బెట్ట తగిలితే దెబ్బ. అప్పుడు స్ప్రింక్లర్లతో 10 మి.మీ. ఇచ్చినా పంట నిలబడుతుంది. ఎకరాకు 40,470 లీటర్లు. సెకనుకు 2 లీటర్ల బోరుకు ఎకరా తడవడానికి ఐదున్నర గంటలకు పైనే. తొమ్మిది గంటల కరెంటులో రోజుకు 1.6 ఎకరాలు, 30 ఎకరాలకు 19 రోజులు. బెట్ట అన్నాళ్లు ఆగదు. కాబట్టి 30 ఎకరాల గుంపుకు అలాంటి బోర్లు రెండు ఉండాల్సిందే, అప్పుడు తొమ్మిదిన్నర రోజులు. మూడుంటే నిశ్చింత. ఒక్క బోరుతో మొదలుపెట్టినవి మొదటి బెట్టకే విడిపోతాయి.
పైపు దగ్గర పిసినారితనం వద్దు. సెకనుకు 2 లీటర్లకు 63 మి.మీ. పైపులో కిలోమీటరుకు సుమారు 10 మీటర్ల ఒత్తిడి పోతుంది, 75లో 4 మీటర్లు. రెండు బోర్లు కలిసి 4 లీటర్లు పంపితే 63లో దాదాపు 38 మీటర్లు పోయి చివరి చేలో స్ప్రింక్లరు తిరగనే తిరగదు, దానికే 20 నుంచి 25 మీటర్లు కావాలి. 90 మి.మీ. వేస్తే పోయేది ఆరు మీటర్ల చిల్లర. రెండడుగుల లోతున పూడ్చండి, నాగలికి తగలకుండా.
రెండు బోర్లు ఒకే లైనులో కలిసేచోట ప్రతి బోరుకూ నాన్ రిటర్న్ వాల్వు తప్పనిసరి. అది లేక బలమైన బోరు నీళ్లు బలహీనమైన బోరులోకి దిగిపోయి, "చివర నీళ్లు రావట్లేదు" అని వారాలు కొట్టుకుంటారు. ఎత్తుమీద గాలి వాల్వు, పల్లంలో కడిగి వదిలే వాల్వు. చేనుకొక గేటు వాల్వు, తాళం ఒకరి దగ్గరే.

#14 కాలువ చివర
తాళం ఒకరి దగ్గరే అంటే ఆ ఒకరు ఎవరన్నదే కదా తగువు! కాలువల కింద నీటి సంఘాలు 1997 చట్టంతో వచ్చినా చివరి భూములకు నీళ్లు అందనిది ఆ తాళం దగ్గరే. బోరు లేనివాళ్లలో ఒకరి దగ్గర ఉంచండి, వంతు చివరినుంచి మొదలుపెట్టండి. పైవాడికి ఎలాగూ అందుతాయి.

#15 దస్తావేజు
ఒప్పంద పత్రం గురించి. యాభై రూపాయల స్టాంపు కాగితం మీద "నీళ్లు ఇస్తాను" అని రాసుకుంటే అది చట్టం దృష్టిలో అనుమతి మాత్రమే. మామూలుగా ఇచ్చినవాడు దాన్ని వెనక్కి తీసుకోవచ్చు. ఆ అనుమతిని నమ్మి అవతలివాళ్లు శాశ్వతమైన కట్టడం, అంటే ఇక్కడ పూడ్చిన పైపులైను, తమ ఖర్చుతో కట్టి ఉంటే తీసుకోలేరని ఈజ్‌మెంట్ల చట్టం అరవయ్యో సెక్షన్. అందుకని పైపు రసీదులు ఎవరి పేరున ఉన్నాయో చూసుకోండి, డబ్బు పెట్టినవాళ్ల పేర్లన్నీ పత్రంలో ఎక్కించండి.
అసలు గండి ఇంకోటి. బోరున్న చేను అమ్ముడుపోతే, ఉట్టి అనుమతికి కొన్నవాడు కట్టుబడడు. పైపు వెళ్లే దారికి, నీళ్లు తీసుకోవడానికి ఈజ్‌మెంటు దస్తావేజు రాసి సబ్ రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టర్ చేయిస్తేనే కొన్నవాడి మీద కూడా నిలుస్తుంది. సర్వే నంబర్లు, బోరు ఉన్న చోటు, పైపు దారి గీసిన పటం జతచేయాలి.
పంచాయతీ తీర్మానం ఒక్కటే ఉంటే భూమి యజమాని చేతులు కట్టేయలేరు. ఆ తీర్మానం, మట్టాల పుస్తకం, నీళ్ల పద్దు మూడూ కలిపి తహసీల్దారుకు ఇస్తే అనుమతి దరఖాస్తు వచ్చినప్పుడు కాదనడానికి ఆయన చేతిలో ఆధారం ఉంటుంది.

#16 పాలమూరు బోరు
కౌలు రైతు సంగతి ఎవరూ చెప్పలే. భూమి ఒకరిది, సేద్యం ఇంకొకరిది. తడి కావాల్సింది కౌలుదారుకు, సంతకం పెట్టేది పట్నంల ఉండే యజమాని.

#17 దస్తావేజు
నిజమే, చట్టంలో నీళ్లు భూమి వెంటే నడుస్తాయి. ఆంధ్రలో 2019 చట్టం కింద ఇచ్చే సాగుదారు కార్డు కూడా పదకొండు నెలలకే, అది అప్పుకూ పరిహారానికీ పనికొస్తుంది గానీ బోరుమీద హక్కు ఇవ్వదు. పత్రంలో "ఆ ఏడాది ఎవరు సాగుచేస్తే వారికి తడి" అని ఒక వాక్యం రాయించండి, యజమాని పేరుతో ముడిపెట్టకుండా.

#18 గరపనేల
ఎండిపోయిన బోర్లు ఏం చేయాలి? వాననీళ్లు వాటిలోకే వదిలితే ఇంకుతాయని కొందరు చేను కాలువను నేరుగా తిప్పుతున్నారు.

#19 మోటారు మేస్త్రి
నేరుగా వద్దు. బురద పోయి చీలికలు పూడుకుపోతాయి, మందుల నీళ్లు అందరి బోర్లలోకి చేరతాయి. చేయాలనుకుంటే కేసింగు చుట్టూ రెండు మీటర్ల పొడవు, వెడల్పు, మూడు మీటర్ల లోతు గుంత తీసి, గుంతలో ఉన్న కేసింగుకు రంధ్రాలు పెట్టి నైలాన్ జాలి చుట్టి, అడుగున బండరాళ్లు, తర్వాత కంకర, పైన ఇసుక నింపాలి. ముందర ఇంకో చిన్న గుంత ఉంటే బురద అక్కడే ఆగుతుంది. పై ఇసుక ఏటా వానలకు ముందు తీసి కడగాలి. మొదటి వాన నీళ్లు వదిలేయండి. మందు కొట్టిన చేను నీళ్లు అసలు తిప్పొద్దు.

#20 దస్తావేజు
ఇంకించడానికి వాడని బోరును తెరిచి వదలకూడదు. పిల్లలు పడిపోతున్నారని 2010లో సుప్రీంకోర్టు చెప్పిన కొలతలు ఉన్నాయి. వదిలేసిన బోరును మట్టి, ఇసుక, రాళ్లతో అడుగునుంచి నేలమట్టం దాకా నింపాలి. కొత్త బోరైతే 15 రోజుల ముందు అధికారులకు తెలపాలి, తవ్వేటప్పుడు చుట్టూ ముళ్లకంచె, బోర్డు ఉండాలి. కేసింగు చుట్టూ అర మీటరు పొడవు, వెడల్పు, 0.6 మీటరు ఎత్తున కాంక్రీటు దిమ్మె, అందులో సగం భూమిలో. కేసింగు నోటికి గట్టి మూత. మోటారు బాగుకు తీసిన రోజు కూడా మూత పెట్టాల్సిందే.

#21 గరపనేల
మే కొలతలకు ఇంకా టైముంది. మేస్త్రి అన్నా, ముప్పావు పైపు ఉన్న బోర్లు ఊళ్లో ఆరే ఉన్నాయి. పదిహేను చేయాలంటే మిగతావాటికి మోటారు లేపాలా?

#22 మోటారు మేస్త్రి
పైపు కోసమే లేపొద్దు, కూలీ దండగ. రిపేరుకు లేపినప్పుడల్లా ఒకటి దించుతూ పోండి. ఈలోపు మోటారు లేని పాత బోర్లు, పూడని బావులు ఉంటే వాటిలో కొలవండి, అవే ఇంకా నమ్మకం. ఏ బోరులో కొలిచారో దాన్నే ప్రతిసారీ కొలవాలి, కేసింగు అంచు మీద పెయింటుతో గీత గీసి అక్కణ్నుంచే.